గుంత పూడ్చేముందు

దుబాయ్‌లోని డేరాలో పాత పెట్రోలు బంకు తీసేసి అక్కడ భవనం లేపాలంటే ముందు భూమిలోని ట్యాంకులు పైకి రావాలి. ట్యాంకు ఖాళీ చేసి, లోపలి ఆవిరి అంటుకోకుండా నైట్రోజన్ పట్టించి, క్రేన్‌తో ఎత్తేదాకా సైటు నిండా జనమే. అది ట్రెయిలర్ ఎక్కిందంటే చాలు, ఇక గుంత ఎప్పుడు పూడుస్తారన్నదే అందరి ధ్యాస. నా పని అప్పుడు మొదలవుతుంది. మట్టి నమూనాలు తీసి ల్యాబుకు పంపడం నా ఉద్యోగం.

ఇక్కడి క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర్లో కొద్ది మీటర్లు తవ్వితే ఉప్పునీరు ఊరుతుంది. పాత ఉక్కు ట్యాంకుల్ని తినేది ఆ ఉప్పే. కారిన పెట్రోలు నీటికన్నా తేలిక కనుక అడుక్కి పోదు, నీటిమీద తెట్టులా నిలుస్తుంది. ఆటుపోట్లకు లోపలి నీరు పెరిగి తగ్గినప్పుడల్లా తెట్టు కూడా ఎక్కి దిగి, ఆ మేర ఇసుకంతటికీ పట్టేస్తుంది. గుంత పైభాగంలో ఇసుక శుభ్రంగానే ఉంటుంది. నీటిమట్టం దగ్గర మాత్రం బూడిదరంగు చార కనిపిస్తుంది. నేను వెతికేది దాన్నే.

"అన్నా, ఈడ ఏం వాసన వస్తలేదు గదా. ఇగ పూడ్సుడేనా?" అన్నాడు ఒక సైటులో జగిత్యాల నుంచి వచ్చిన హెల్పర్ తమ్ముడు. పెట్రోలు ఆవిర్లు కాసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారిపోతుంది, దాన్ని నమ్మడానికి లేదు. జేసీబీ బకెట్‌లోని మట్టి పైపొర తీసేసి, లోపలి మట్టిని జిప్ సంచిలో వేసి మూతి బిగించాం. కొంతసేపు ఆగి, ఆవిర్లను కొలిచే పీఐడీ మీటరు గొట్టం లోపలికి దూర్చాం. వాసన లేదన్న మూలలోనే అంకె వందలు దాటింది. తమ్ముడు మీటరు వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

గాజు సీసాలో మట్టిని అంచుదాకా కూరాలి. ఖాళీ మిగిలితే బెంజీన్ అందులోకి ఎగిరిపోతుంది. ఎండలో వదిలేసిన మట్టి ల్యాబులో లేని మంచితనం చూపిస్తుంది. అందుకే వేసవిలో పొద్దెక్కకముందే సీసాలు నింపి ఐసుపెట్టెలో పెట్టేస్తాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని ఎలాగూ నిషేధం. ఒక్కో నమూనాకు ఒక్కో జత గ్లవ్స్. సీసా చేతులు మారినప్పుడల్లా కాగితంమీద సంతకం.

నమూనా ఎక్కడ తీశామన్నది ఇంకా ముఖ్యం. "మధ్యలోంచి తీసేసుకోండి సార్, త్వరగా అయిపోతుంది" అనేవాళ్లు ప్రతి సైటులోనూ తగులుతారు. నేను ఒప్పుకోను. కారే చోట్లు వేరు: ట్యాంకు రెండు కొసలు, ట్యాంకరు నుంచి నూనె దించే గొట్టం, పైపుల అతుకులు, పంపుల అడుగు. ల్యాబుకు తెలిసేది మనం సీసాలో పెట్టిన మట్టి సంగతే.

ల్యాబులో బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ చూస్తారు. డీజిల్ ట్యాంకయితే మొత్తం హైడ్రోకార్బన్లు. ఈ దేశంలో సీసం లేని పెట్రోలు వచ్చింది 2003లో. అంతకుముందు నుంచీ ఉన్న బంకయితే సీసం పరీక్ష కూడా చేయించాలి. వచ్చిన అంకెల్ని గల్ఫ్‌లో చాలాచోట్ల నెదర్లాండ్స్ ప్రమాణాలతో పోలుస్తారు. వాటి ప్రకారం కిలో మట్టిలో నూనెకు హద్దు 5000 మిల్లీగ్రాములు. బెంజీన్‌కు 1.1 మాత్రమే.

2013లో ఉత్తర చెన్నైలోని తండయార్‌పేటలో పైపులైను కారి ఇళ్ల బావుల్లో పెట్రోలు తేలినప్పుడు ఆ సంగతి ఊరందరికీ తెలిసింది, ఎందుకంటే అక్కడి జనం వాడుకునేది ఆ నీళ్లే. డేరాలో భూగర్భజలం ఎవరూ తాగరు. కుళాయిలో వచ్చేది శుద్ధి చేసిన సముద్రపు నీరు. "మరి ఎవరికి నష్టం?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. పునాదికోసం నీళ్లు తోడేవాళ్లకు, ఇనుము కట్టడానికి గుంతలో దిగేవాళ్లకు నష్టం. అలా దిగేవాళ్లలో కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల కుర్రాళ్లు ఎంతమందో. బెంజీన్ రక్త క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. అది బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి, మనిషి ఊరెళ్లిపోయి ఉంటాడు. ఏ సైటులో పీల్చాడో అప్పుడు ఎవరు చెప్పగలరు?

తమ్ముడు వాసన లేదన్న ఆ మూలలో చార పోయేదాకా తవ్వించాం. తీసిన మట్టిని వేరుగా పోసి, టార్పాలిన్ కప్పి, శుద్ధి కేంద్రానికి పంపి, గుంత గోడల నుంచీ అడుగు నుంచీ మళ్లీ నమూనాలు తీశాం. రెండో రిపోర్టుకు వారం పట్టింది. ఆ వారమంతా ఆలస్యమెందుకని ఫోన్లే ఫోన్లు. రిపోర్టు చేతికొచ్చేదాకా గుంతలోకి ఒక్కరినీ దిగనివ్వలేదు.