ఉక్కు బండెక్కాలంటే...

విశాఖపట్నం నుంచి అనకాపల్లి వైపు వెళ్తుంటే గాజువాక దాటాక కూర్మన్నపాలెం వస్తుంది. ఉక్కు కర్మాగారానికి దారి అక్కడే. ఆ చుట్టుపక్కల రోడ్ల మీద ఎటు చూసినా లారీలు. వాటి మధ్య పక్కలకు గోడల్లేకుండా, పైన కప్పు లేకుండా పొడవాటి బల్లలా ఉండే ట్రైలర్లు. చూసేవాళ్లకు అదేం పెద్ద పని అనిపిస్తుంది. సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పడమేగా! కానీ ఈ బండి డ్రైవరు పని సీట్లో కూర్చోకముందే మొదలవుతుంది. అదీ చేతులతో, నడుముతో, మోకాళ్లతో!

ఇంటి స్లాబులో వేసే ఇనుప చువ్వ మామూలుగా 12 మీటర్ల పొడవుంటుంది. చిన్న లారీలో అది పట్టదు. వెనక్కి పొడుచుకొస్తే చీకట్లో వెనకాల వచ్చేవాడి ప్రాణం మీదికొస్తుంది. అందుకే చువ్వలు బండి దాటి బయటికి వచ్చేలా తీసుకెళ్లడాన్ని 2014లో నిబంధనలు మార్చి నిషేధించారు. అలాంటి సరుక్కి నలభై అడుగుల ట్రైలరే గతి. 12 మిల్లీమీటర్ల చువ్వ ఒక్కోటీ పదిన్నర కిలోల పైమాటే. అలాంటివి కట్టలు కట్టలుగా ఎక్కుతాయి. 2018లో సవరించిన లెక్క ప్రకారం బండి, సరుకు కలిపి గరిష్ఠంగా 55 టన్నుల దాకా ఉండొచ్చు.

ఎత్తేది క్రేను... కట్టేది మనిషి

అంత బరువూ మనిషి ఎత్తడు. క్రేను ఎత్తిపెడుతుంది. ఆ తర్వాతే డ్రైవరు వంతు. ట్రైలర్ బల్ల దాదాపు మనిషి ఛాతీ ఎత్తులో ఉంటుంది. దానికి మెట్లుండవు. టైరు మీద కాలుపెట్టి, అంచు పట్టుకుని పైకి లేవాలి. గొలుసు అటు విసరాలి. దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, అవతలి కొస అందుకుని బిగించాలి. అలా ఒకటి కాదు, లోడు పొడవునా కట్టాలి. మే నెల ఎండలో ఇనుము ముట్టుకుంటే చేతులు చుర్రుమంటాయి. చువ్వల కొసలు గీరుకుంటే రక్తమే.

తీగ చుట్టలైతే ఇంకో తంటా. గుండ్రంగా ఉంటాయి కాబట్టి దొర్లకుండా అటూ ఇటూ దిమ్మెలు పెట్టాలి. వాన సూచన ఉంటే పైన టార్పాలిన్ కప్పాలి. మడతపెట్టిన పట్టాను పైకి లాగడానికే భుజాలు పట్టేస్తాయి. తడిస్తే దాని బరువు ఇంకా పెరుగుతుంది. పక్కనే సముద్రం. గాలి విసురుగా వీచిందా... పట్టా తెరచాపలా లేచి మనిషిని కూడా లాగేస్తుంది.

ఇంత కష్టపడి కట్టేది సరుకు కోసమే కాదు. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, బిగువుగా కట్టని ఇనుము మాత్రం ఆగదు. ముందుకు జారుతుంది. ముందున్నది డ్రైవరు వీపే! కుదుపులకు లోడు సర్దుకుని గొలుసులు వదులవుతాయి. అందుకే కొంతదూరం వెళ్లాక బండి ఆపి, మళ్లీ బిగించుకోవాలి. నిద్రమత్తున్నా, వాన పడుతున్నా తప్పదు.

డాక్టరు అడగనివి

రవాణా వాహనం నడిపే లైసెన్సుకు 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు కనీసం ఏడాదిపాటు తేలికపాటి వాహనాల లైసెన్సు ఉండాలి. డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ కావాలి. పాతిక మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు కనిపిస్తోందా? వర్ణాంధత్వం తీవ్రంగా ఉందా? రేచీకటి ఉందా? చెవులు వినిపిస్తున్నాయా? కాళ్లూ చేతుల్లో లోపముందా?... ఇలా సాగుతాయి ప్రశ్నలు. అన్నీ అవసరమైనవే. కానీ ఛాతీ ఎత్తు బల్ల మీదికి రోజుకెన్నిసార్లు ఎక్కగలవు, వంగి గొలుసు బిగిస్తే నడుము పట్టేస్తుందా అని ఆ కాగితం విడిగా అడగదు. ఆ పరీక్ష పెట్టేది లోడే.

దానికి తయారయ్యే బడి క్లీనరు పని. పైనుంచి దూకొద్దు, బండి వైపు తిరిగి మెల్లగా దిగాలి. ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఒక కాలో, రెండు కాళ్లూ ఒక చెయ్యో ఎప్పుడూ ఆనుకునే ఉండాలి. బరువు ఎత్తితే నడుము కాదు, మోకాళ్లు వంచాలి. ఇవేవీ పుస్తకం చదివి నేర్చుకునేవి కావు. పెద్ద డ్రైవరు తిట్లతో ఒంటబట్టేవి. ఖర్చు కలిసొస్తుందని క్లీనరు లేకుండానే పంపే బండ్లలో ఆ బడీ లేదు, రెండో జత చేతులూ లేవు.

చట్టం మాత్రం డ్రైవరు ఒంటిని మరిచిపోలేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అనేది. ఏకధాటిగా 5 గంటలు పనిచేస్తే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. కానీ ట్రిప్పుకింత అని బేరం కుదిరినచోట విశ్రాంతి అంటే సొంత డబ్బు పోగొట్టుకోవడమే. 2025 నుంచి కొత్తగా తయారయ్యే భారీ ట్రక్కుల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. సీట్లో ఉన్నంతసేపూ అది వరమే. గొలుసు కట్టే చోటికి మాత్రం ఆ చల్లగాలి రాదు.

బండికి దిష్టి తీస్తారు సరే...

ఇదే రహదారిలో ముందుకెళ్తే తుని వస్తుంది. ఆ దగ్గర్లోని తలుపులమ్మ లోవకు కొత్త బండి కొన్నవాళ్లు వచ్చి పూజ చేయిస్తారు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. బండి ఆరోగ్యం గురించి ప్రభుత్వానికీ పట్టింపే. మొదటి ఎనిమిదేళ్లూ రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. మరి దాన్ని నడిపేవాడికో? 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు. డాక్టరు కాగితం మళ్లీ అడిగేది అప్పుడే.

ఆ ఐదేళ్లలో బండికి కనీసం రెండు పరీక్షలు. మనిషి మోకాలు పట్టేసిందో లేదో... బల్ల మీంచి దిగేటప్పుడు అతనికే తెలియాలి!