కాలవ కట్టేసిన వేసవి

రాజమండ్రి నుంచి కోనసీమలోకి బస్సులో వెళ్ళేవారు జొన్నాడ దగ్గర గౌతమిని దాటుతారు. వంతెన దిగగానే రావులపాలెం. అక్కడ అరటిగెలల బజారు వాసన ముక్కుకు తగిలిందంటే కోనసీమలో కాలు పెట్టినట్టే. అక్కడ దిగి ఆత్రేయపురం వైపు పోయే ఆటో ఎక్కితే కాలవ మన వెంటే వస్తుంది. లొల్ల లాకులు ఆ దారిలోనివే. సినిమాల్లో చూచి ఆ లాకుల కోసమే వచ్చేవాళ్ళున్నారు. ఆత్రేయపురం పూతరేకుల కోసం వచ్చేవాళ్ళు అంతకంటె ఎక్కువ. మా ఊరికి ఆ రెండు భాగ్యాలూ లేవు. అటు లాకులూ లేవు, ఇటు పూతరేకులూ లేవు. కాలవ ఒక్కటే ఉన్నది. ఊరి పేరు చెప్పను. చెబితే తరవాత నేను చెప్పబోయే సంగతికి మావాళ్ళు నొచ్చుకుంటారు.

కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటినుంచీ ఈ లంకల మధ్య మనుషుల పంచాంగం కాలవలను బట్టే నడుస్తున్నది. దాళ్వా కోతలు అయ్యాక కాలవలు కట్టేస్తారు. మరమ్మతులు చేసి, పూడిక తీసి, తొలకరికి మళ్ళీ వదులుతారు. కాలవ కట్టేశాక నాలుగైదు రోజులకు అడుగు బయటపడుతుంది. రేవులో జారిపోయిన చెంబులూ, పగిలిన గాజులూ, ఎవరో పారేసుకున్న చెప్పూ అన్నీ తేలుతాయి. మిగిలిన గుంటల్లో మట్టగిడసలు పట్టడం పిల్లల పని. మరో వారానికి ఒండ్రు ఆరి గట్టిపడుతుంది. అప్పుడు అది మా ఊరి పిల్లల మైదానం. దానికి టిక్కెట్టూ లేదు, కంచే లేదు. నా చిన్నతనంలో నేనూ అక్కడే మోకాళ్ళు కొట్టించుకున్నాను.

2020 మార్చి 21న ఉగాది పచ్చడి తిని నాలుగు రోజుల్లో హైదరాబాదు తిరిగి వెళ్ళిపోదామని మా దొడ్డమ్మ ఇంటికి వచ్చాను. మర్నాడు జనతా కర్ఫ్యూ. సాయంత్రం అయిదింటికి మా వీధి పిల్లలు కంచాలూ గరిటెలూ పట్టుకుని చేసిన మోతకు కొబ్బరిచెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి. ఆ రాత్రితో రైళ్ళు ఆగిపోయాయి. బుధవారం, 25వ తేదీ, ఉగాది. దేశమంతా తలుపులు మూసుకున్న మొదటి రోజూ అదే. కొత్త సంవత్సరం పేరు శార్వరి. శార్వరి అంటే రాత్రి అని మా దొడ్డమ్మే చెప్పింది. గుళ్ళో పంచాంగ శ్రవణం లేదు. ఆదాయమెంతో వ్యయమెంతో ఎవరూ అడగలేదు. నాలుగు రోజులకని వచ్చినవాణ్ణి జూన్ మూడోవారం దాకా ఉండిపోయాను.

మొదట్లో ఊరు ఊరంతా ఒక్కమాట మీద నడిచింది. ఊరి మొగలో వెదురుబొంగులు అడ్డం కట్టారు. పంచాయతీవారు మురుగుకాలవల వెంట బ్లీచింగు చల్లారు. వాలంటీర్లు ఇంటింటికీ వచ్చి ఎవరికి దగ్గుందో, ఎవరు పొరుగూరు వెళ్ళివచ్చారో రాసుకుపోయేవారు. డ్వాక్రా ఆడవాళ్ళు మాస్కులు కుట్టారు. పొద్దుట కొద్ది గంటలు కొట్టు తెరిచేవారు. తరవాత నిశ్శబ్దం. అది మామూలు మధ్యాహ్నపు నిశ్శబ్దం కాదు. బడి ఉన్న రోజుల్లో వీధి నిశ్శబ్దంగా ఉంటే సాయంత్రానికి తీరిపోతుందని తెలుసు. ఇది తీరేది కాదు. పైపెచ్చు ఆ నిశ్శబ్దాన్ని కాపలా కాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అరుగు మీద కుర్చీ వేసుకుని, ఏ పిల్లవాడు గడప దాటినా "ఒరే, లోపలికి పో" అని కేకలేసేవాణ్ణి. ఏ ఉద్యోగమూ లేనివాడికి అదొక ఉద్యోగమయింది.

పిల్లల మీద ఇలాంటి నిఘా ఎన్నాళ్ళు సాగుతుంది? కొట్టు ముందర మనిషికీ మనిషికీ ఎడముండాలని సున్నంతో వలయాలు గీశారు. పొద్దుటిపూట పెద్దవాళ్ళు వాటిలో బుద్ధిగా నిలబడి ఉప్పూ పప్పూ కొనుక్కునేవారు. కొట్టు మూసి, పోలీసు మోటారుసైకిలు ఊరు దాటిపోయాక, ఆడపిల్లలు నలుగురు వచ్చి అదే వలయాల్లో పెంకు విసిరి తొక్కుడుబిళ్ళ ఆడటం నేను కళ్ళారా చూచాను. ఒంటికాలి మీద గెంతే పిల్ల ఒక్కతే, మిగతావాళ్ళు దూరంగా తమ వంతు కోసం నిలబడి. కేకలెయ్యడానికి నోరు తెరిచాను గాని, ఏమని కేకలెయ్యను? కొట్టుకు వచ్చే పెద్దవాళ్ళ కంటె వాళ్ళే ఎక్కువ ఎడం పాటిస్తున్నారు. ఆనాటినుంచి చూచీచూడనట్టు ఊరుకోవడం నేర్చుకున్నాను.

చేతులు పట్టుకునే ఆటలు మాత్రం మానేశారు. ఒప్పులకుప్ప లేదు, చెమ్మచెక్క లేదు. కోతికొమ్మచ్చి ఉన్నది. ఏడుపెంకులాటలో బంతి ఎవరిదైతే వాళ్ళే విసరాలన్నారు. అది రెండు రోజులు కూడా సాగలేదు.

మా దొడ్డమ్మకు అప్పటికి ఎనభై రెండేళ్ళు. మధ్యాహ్నంపూట పక్కింటి పిల్లతో వామనగుంటలు ఆడటం ఆవిడకు ఏళ్ళతరబడి అలవాటు. పీట మీద అటు ఏడు గుంటలు, ఇటు ఏడు, డబ్బానిండా చింతపిక్కలు. ముసలివాళ్ళ దగ్గరికి పిల్లల్ని పోనివ్వవద్దని టీవీలో పొద్దస్తమానం చెబుతున్నారు. అందుకని ఆ పిల్లను రావద్దన్నాను. రెండు రోజులు దొడ్డమ్మ నాతో మాట్లాడలేదు. మూడోనాడు నేను కునుకు తీసి లేచేసరికి పీట వీధి అరుగు మీద ఉన్నది. పిల్ల దాని ముందు కూచున్నది. దొడ్డమ్మ గదిలో కిటికీ ఊచల వెనక మంచం మీద కూచుని, "నా మూడోగుంటలోవి తియ్యవే, పంచు" అంటున్నది. పిల్ల ఆవిడ తరఫున ఒక చెయ్యీ, తన తరఫున ఒక చెయ్యీ ఆడుతున్నది. ఆవిడకు చూపు సరిగా ఆనదు. ఏ గుంటలో ఎన్ని పిక్కలున్నాయో మనసులోనే లెక్క. పిల్ల ఒకటి రెండుసార్లు మోసం చేయబోయింది. "అయిదు కాదే, ఆరు" అని కిటికీలోంచి గద్దింపు. నేను మళ్ళీ పడుకున్నాను.

ఏప్రిల్ దాటి కాలవ ఆరేసరికి మగపిల్లల కట్టుబాటు కూడా తెగిపోయింది. గట్టు దిగితే రోడ్డు మీదినుంచి కనపడరు, అదొక సదుపాయం. కొబ్బరిమట్ట చెక్కితే బ్యాటు, ఇటికలు మూడు పేరిస్తే వికెట్లు. కాలవ ఈ గట్టునుంచి ఆ గట్టుకు ముప్ఫై గజాలుంటుందేమో. ఎండ తగ్గాక మొదలుపెట్టి బంతి కనపడనంత చీకటిపడేదాకా ఆడేవారు. తలిదండ్రులకు తెలియక కాదు. ఇంట్లో నలుగురు పిల్లల్ని నెల రోజులు కూచోబెట్టి చూచిన తల్లికి కాలవ ఎంత చల్లని తల్లో వేరే చెప్పాలా?

మే నెలలో రావులపాలెం దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద నడిచిపోయేవాళ్ళ సంగతి ఊరికి తెలిసింది. మద్రాసు వైపునుంచి ఒడిశాకు, బీహారుకు, జార్ఖండుకు నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో నడుస్తున్నారు. చాలా ఊళ్ళవాళ్ళు రోడ్డు పక్క అన్నం పెట్టారు. మావాళ్ళు కూడా పులిహోర కలిపారు. అరటాకులకు కొదవ లేదు గదా, పిల్లలంతా మర్రిచెట్టుకింద కూచుని పొట్లాలు కట్టారు. రోడ్డు మీదికి మాత్రం వాళ్ళను రానివ్వలేదు. నేను ట్రాలీ ఆటోలో వెళ్ళాను. పంచుతూంటే పొట్లాల గంపలో అడుగున ఒక రబ్బరుబంతి తగిలింది. మా పిల్లల్లో ఎవడో వేశాడు. ఎవడని అడిగితే తరవాత ఎవడూ ఒప్పుకోలేదు. ఆరేళ్ళ కుర్రవాడొకడు, కాళ్ళకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని ఉన్నాడు, వాడికిచ్చాను. వాడు దాన్ని తన్నలేదు, ఎగరెయ్యలేదు. చొక్కాలోపల పెట్టుకుని వాళ్ళమ్మ వెనక నడిచిపోయాడు.

ఇక నేను చెప్పడానికి వెనకాడుతున్న సంగతి ఉన్నది.

కోనసీమలో గల్ఫు దేశాలకు పోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇళ్ళల్లో వంటకూ, పిల్లల్ని చూడటానికీ కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. అలా వెళ్ళిన ఒకావిడ కొడుకు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. అప్పటికి పన్నెండేళ్ళవాడు. తల్లిని చూచి నాలుగేళ్ళయింది. మే నెలలో అక్కడినుంచి విమానాలు వేసినప్పుడు ఆవిడ గన్నవరం వచ్చి దిగింది. కొన్నాళ్ళు కాలేజీ హాస్టల్లో ఉంచి, పరీక్షలు చేసి, జూన్ మొదట్లో ఇంటికి పంపారు. ఇంకో రెండు వారాలు ఇల్లు కదలరాదని గోడకు కాగితం అంటించారు. ఆ కాగితం చూచేసరికి ఊరికి వణుకు పుట్టింది. ఆ వీధిన పాలు పోసేవాడు దారి మార్చుకున్నాడు. పిల్లవాడు పెరట్లోంచి జారుకుని ఆటకు వచ్చేస్తాడేమోనని రేవు దగ్గర నలుగురు పెద్దలు చేరి మాట్లాడుకున్నారు. వాణ్ణి ఆటలో చేర్చవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలన్నారు. చదువుకున్నవాణ్ణి, పట్నంవాణ్ణి, నేను చెబితే వింటారన్నారు. నేను ఒక్కమాట అడ్డం చెప్పలేదు. వెళ్ళి చెప్పాను. జబ్బు లేదని పరీక్షలో తేలింది గదా అని నా నోట రాలేదు. ఇంట్లో దొడ్డమ్మ ఉన్నదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పిల్లలు విన్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నారు.

మర్నాడు సాయంత్రం గట్టు మీదికి వెళ్ళి చూద్దును గదా, ఆ పిల్లవాడు ఆటలో ఉన్నాడు. వాళ్ళ పెరడు అవతలి గట్టుకు ఆనుకునే ఉంటుంది. పెరట్లో కొబ్బరిచెట్టుకింద నిలబడి ఫీల్డింగు చేస్తున్నాడు. వాడి వెనక, వంటింటి గుమ్మంలో, ముఖానికి గుడ్డ కట్టుకుని వాళ్ళమ్మ కూచుని చూస్తున్నది.

"చేర్చవద్దని చెప్పానుగదరా!" అన్నాను.

కొట్టువారి రెండోవాడు వాళ్ళకు కెప్టెన్. "ఇవతలికి రానివ్వద్దన్నారు గదండీ? రాలేదండి. వాడు కువైట్‌లో ఉన్నాడండి" అన్నాడు.

అందరూ నవ్వారు. అవతల వాడు కూడా నవ్వాడు.

బంతి అవతలి పెరట్లో పడితే వాడు తీసి విసురుతాడు. ఇవతల ఎవరూ పట్టుకోరాదు. అది నేల మీద దొర్లి ఆగాక కొబ్బరిమట్టతో తోసుకుపోయి సబ్బునీళ్ళ బకెట్టులో ముంచాలి. మట్టతోనే రెండుసార్లు కలియతిప్పాలి. ఆ తరవాతే బౌలరు చేతికి. దీనికి పట్టే ఆలస్యం వల్ల బ్యాటు పట్టినవాడు ఇష్టమొచ్చినన్ని పరుగులు తీస్తాడు కాబట్టి, కువైట్‌లో పడ్డ బంతికి మూడు పరుగులే అని ఖాయం చేశారు. వాడు గాలిలో పట్టుకుంటే మాత్రం అవుటే. మర్నాడు వాడు పట్టిన క్యాచికి ఇవతల ఎగిరిన ఎగురుడు, ఆ గుమ్మంలో ఆవిడ లేచి నిలబడి కొట్టిన చప్పట్లు నేను విన్నాను.

ఇంటికి వచ్చి దొడ్డమ్మతో చెప్పాను. నేను చెప్పిన మాటా చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "వాళ్ళకు బడి మూసేసి మూడు నెలలయింది గదరా, బుర్రలు పనిచేస్తున్నాయి" అన్నది.

వారం రోజులు ఆ ఆట సాగింది. ఈలోగా కాలవలు వదిలారు. ఎర్రనీళ్ళు నురగతో వచ్చి పిచ్చి మొక్కలనూ, ఇటికల వికెట్లనూ ముంచి పోయాయి. పిల్లవాడు అటు గట్టున, వీళ్ళిటు గట్టున నిలబడి చూచారు. గోదావరి ఎక్స్‌ప్రెస్ మళ్ళీ నడుస్తున్నది. నేను రాజమండ్రిలో ఎక్కి హైదరాబాదు వెళ్ళిపోయాను.

బళ్ళు తెరవడానికి చాలాకాలం పట్టింది. తొమ్మిదీ పదీ తరగతులవాళ్ళకు ఆ నవంబరులో తెరిచారు, చిన్నవాళ్ళకు 2021 ఫిబ్రవరిలో. ఏప్రిల్లో మళ్ళీ మూశారు. ఆ రెండో విడతలో మా ఊరు ఎనిమిదిమందిని పోగొట్టుకున్నది. మే నెలలో దొడ్డమ్మ పోయింది. నేను అప్పుడు జ్వరంతో హైదరాబాదులో మంచం మీద ఉన్నాను. ఫోనులోనే అంతా చూచాను. వామనగుంటల పీట పక్కింటి పిల్లకు ఇచ్చెయ్యమని ముందే చెప్పి పెట్టిందట. చింతపిక్కలు లెక్కపెట్టి మరీ ఇచ్చిందట.

మొన్న వేసవిలో మళ్ళీ వెళ్ళాను. జిల్లా పేరు 2022లో మారింది గాని కాలవ అదే. కట్టేసి ఉన్నది. కువైట్ ఆవిడ 2022లోనే తిరిగి వెళ్ళిపోయింది. కొడుకు ఎక్కడో పై చదువు చదువుతున్నాడు. కొట్టువారి రెండోవాడు కొట్టులో కూచుంటున్నాడు, కాస్త బొజ్జ కూడా వచ్చింది. కాలవలో ఆడుతున్నవాళ్ళు నేనెరగని కొత్త పిల్లలు. గట్టు మీద చింతచెట్టుకింద కూచున్నాను.

"కువైట్‌లో ఎవరున్నార్రా?" అని ఒకడు అరిచాడు.

ఏడెనిమిదేళ్ళవాడొకడు అవతలి గట్టెక్కి కొబ్బరిచెట్టుకింద నిలబడ్డాడు. కాసేపటికి బంతి అటు పోయింది. వాడు దాన్ని తీసుకుని, వెంటనే విసరకుండా గట్టు దిగివచ్చి, కాలవ అడుగున మిగిలిన నీటిగుంటలో రెండుసార్లు ముంచి, నీళ్ళు విదిలించి అప్పుడు విసిరాడు.

ఆట అయ్యాక వాణ్ణి పిలిచి, "బంతిని ఎందుకు ముంచావురా?" అని అడిగాను.

నా వంక జాలిగా చూచాడు. "కువైట్ నుంచి వస్తే కడగాలండి. రూలండి" అన్నాడు.