పసిబిడ్డల ఐసీయూ డాక్టర్ కావాలంటే: తండా పిల్లలకు నాలుగు మాటలు

గ్రూపుల చాలామంది అడుగుతున్నరు: "అన్నా, అక్కా, పుట్టిన పిల్లల ఐసీయూ డాక్టర్ కావాలంటే ఏం చదవాలె?" దేవరకొండ, అచ్చంపేట దిక్కు తండాల నుంచి వచ్చి పిల్లల వార్డుల్లో పనిచేస్తున్న మేం నలుగురం కలిసి ఇది రాస్తున్నం.

ముందు లెక్క. ఎంబీబీఎస్ నాలుగున్నరేండ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. నీట్ పీజీ రాసి ఎండీ పీడియాట్రిక్స్ మూడేండ్లు. ఆపైన నీట్ ఎస్‌ఎస్ రాసి డీఎం నియోనేటాలజీ, లేకుంటే డీఆర్‌ఎన్‌బీ, ఇంకో మూడేండ్లు. మొత్తం పదకొండున్నర. ప్రిపరేషన్‌కు పోయే కాలం వేరే.

ఎంబీబీఎస్, పీజీల్లో ఎస్టీ రిజర్వేషన్ ఉంది. 2022లో తెలంగాణల అది 6 నుంచి 10 శాతమైంది. డీఎం సీట్లకు మాత్రం రిజర్వేషన్ లేదు, అక్కడ ర్యాంకే. కాబట్టి ఎండీలోనే గట్టిగ చదవాలె. కాలేజీలు కూడా దగ్గరికొచ్చినయ్: మహబూబ్‌నగర్ 2016, నల్లగొండ 2019, నాగర్‌కర్నూల్, వనపర్తి 2022.

ఇంట్ల "ఇంకెన్నేండ్లు చదువుతవ్?" అంటరు. మాలో ఇద్దరం స్టైపెండ్‌తోనే ఇంటి అప్పు కడుతున్నం. ఒకరు ఎండీతో ఆగుదమనుకుంటున్నరు. అదేం తక్కువ కాదు. జిల్లా ఆసుపత్రుల ఎస్‌ఎన్‌సీయూలు నడిపేది ఎక్కువగ పిల్లల డాక్టర్లే. ఏడాది ఫెలోషిప్‌లు కూడా ఉన్నయ్.

పని సంగతి. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ సరిపోదు, ఊపిరాడదు. ఒళ్లు తొందరగ చల్లబడుతది. సీపాప్ పెడతం, గ్రాముల్లో బరువు చూస్తం, చుక్కల్లో పాలు లెక్కపెడతం. మొన్నొక తండా తల్లి కిలోన్నర లేని బిడ్డను ముట్టనీకే భయపడ్డది. తెలుగుల ఎంత చెప్పినా తలొంచుకునే ఉంది. గోర్ బోలీల "యాడీ" అని పిలవంగనే ముఖమెత్తింది. బిడ్డను ఎదకు ఆనించుకునే కంగారూ పద్ధతి, 1978లో కొలంబియాలోని బొగోటాల మొదలైంది, ఆమెకు అర్థమయ్యేతట్టు చెప్పినం. గంటలకొద్దీ కదలకుండ కూసుంది. ఈ పని మిషన్ చేయలేదు, మన భాష రానోళ్లకూ కష్టమే.

1999, 2001లలో దేవరకొండ తండాల ఆడబిడ్డల అమ్మకాల వార్తలు దేశమంతా చదివింది. పేదరికం గురించి తక్కువ, తల్లుల గురించి ఎక్కువ మాట్లాడిన్రు. ఆ తండాల ఆడబిడ్డలే పసిబిడ్డలకు ఊపిరి పోసే డాక్టర్లు కావాలె. అందుకే ఇంత పొడుగు రాసినం.

బైపీసీ చదివేటోళ్లు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వదలొద్దు. డౌట్లు కింద రాయండి, డ్యూటీ అయినంక ఒక్కొక్కరికి జవాబిస్తం.