ఇంకో రెండు లక్షలమంది

1990 నవంబరు 8వ తేదీన అమెరికా అధ్యక్షులు జార్జి బుష్ గారు (ఇద్దరు బుష్‌లలో తండ్రి) గల్ఫ్ ప్రాంతానికి మరింత సైన్యాన్ని పంపుతున్నట్లు ప్రకటించారు. అప్పటికే అక్కడ రెండు లక్షలకు పైగా అమెరికా సైనికులున్నారు. ఇంకో రెండు లక్షలమంది దాకా వెళ్ళబోతున్నారని పత్రికలు రాశాయి. మన పేపర్లలో ఆ వార్తకు పెద్ద చోటు దొరకలేదు. ముందురోజే ఢిల్లీలో వి.పి.సింగ్ గారి ప్రభుత్వం పడిపోయింది, అందరి దృష్టీ అటే ఉంది. మేము భార్యాభర్తలం అప్పుడు దివిసీమలో, అవనిగడ్డకు దగ్గరలో ఒక పల్లెలో బడిపంతుళ్ళం. మేము మాత్రం ఆ చిన్న వార్తనే రెండుసార్లు చదివాము.

కారణం మా సంఘంలోనే ఉంది. కువైటులో ఇంటిపనికి వెళ్ళిన ఒక సహోదరి అంతకు నెలరోజుల ముందే ప్రాణాలతో తిరిగి వచ్చింది. ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటును ఆక్రమించినప్పుడు ఆమె యజమాని కుటుంబం రాత్రికి రాత్రే సౌదీకి వెళ్ళిపోయింది. ఎనిమిది నెలల జీతం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. "మీ దగ్గరుంటే ఖర్చయిపోతుంది, మా దగ్గరే ఉంచుకో, ఊరెళ్ళేటప్పుడు ఒక్కసారే ఇస్తాం" అన్నారట. ఈమె బస్సుల్లో బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాను సరిహద్దు చేరి, ఎడారిలో గుడారాల కింద రోజులు గడిపి, అమ్మాను నుంచి విమానంలో బొంబాయి వచ్చింది. ఆ ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ఎయిరిండియా దాదాపు 500 విమానాలు నడిపి లక్షమందికి పైగా మనవాళ్ళను అలా తీసుకువచ్చింది. అది చిన్న పని కాదు, చేసినవారికి కృతజ్ఞతలు చెప్పాలి. అయితే ఈమె ప్రయాణానికి చేసిన అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీతో ఇంటి దగ్గరే కూర్చుని ఉంది. దానికి విమానం అక్కరలేదు.

ఆ వార్త ఆమెకు చదివి వినిపించాము. "సైన్యం కువైటును కాపాడటానికే కదా మేష్టారూ, మంచిదేగా?" అంది. కాసేపాగి, "మరి ఆగస్టులో పంపినవాళ్ళు దేనికి?" అని అడిగింది.

ఈ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఎందుకంటే ఆగస్టు 8న ఇదే బుష్ గారు తమ జాతితో మాట్లాడుతూ, సైన్యం వెళ్ళింది కేవలం రక్షణ కోసమేనని, సౌదీని కాచుకోవడానికేనని చెప్పారు. సరిగ్గా మూడు నెలలకు దాడి చేయగల బలం కావాలన్నారు. ఆ రెండు మాటల మధ్య జరిగిన దేమిటో ప్రజలకు విడమరిచి చెప్పలేదు. పైగా ఈ ప్రకటన వచ్చింది నవంబరు 6న అమెరికాలో కాంగ్రెసు ఎన్నికలు ముగిసిన రెండు రోజులకు. ఎన్నికలకు రెండు రోజుల ముందు చెప్పి ఉంటే ఇంకా బాగా నమ్మేవాళ్ళం. మన దేశంలో ఎన్నికలు చూసినవాళ్ళకు ఇది విడిగా చెప్పనక్కరలేదు.

సద్దాం హుస్సేన్ చేసింది అన్యాయమే. పొరుగువాని పొలం గట్టు జరిపినవాణ్ణి ఊరు ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. దాని గురించి మాకు అనుమానం లేదు. మా అనుమానమంతా ఆ లెక్క మీద. పంపేవారి సంఖ్య ఎప్పుడూ గుండ్రంగా, స్పష్టంగా ఉంటుంది. పోయేవారి సంఖ్యను మాత్రం ఆశగా చెబుతారు. 1991 జనవరి 16 రాత్రి, మన లెక్కన 17 ఉదయం ఏడున్నరకు, యుద్ధం మొదలైందని చెప్పిన ప్రసంగంలో కూడా ఆయన పోరు ఎక్కువకాలం సాగదని, నష్టం వీలైనంత తక్కువగా ఉంటుందని ఆశించారు. ఇది మరో వియత్నాం కాదన్నారు. సంక్రాంతి వెళ్ళి రెండు మూడు రోజులే అయింది, కళ్ళాలలో నూర్పిళ్ళు సాగుతున్నాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో శవాలు లెక్కపెట్టి, లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టిన ఊళ్ళు మావి. 1990 మే 9 తుపాను కూడా అప్పటికింకా ఏడాది దాటలేదు. అలాంటి చోట కూర్చుని "తక్కువ నష్టం" అన్న మాట వింటే అది ఎవరికి తక్కువ అనే అడగాలనిపిస్తుంది.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు ఒక రాజును గురించి చెప్పారు. పదివేలమందితో ఉన్న ఆ రాజు, ఇరవై వేలమందితో వచ్చేవాణ్ణి ఎదిరించగలడో లేదో ముందుగా కూర్చుని ఆలోచించుకుంటాడు, కుదరకపోతే రాయబారం పంపుతాడు. ఆ మాట శిష్యరికం గురించి చెప్పిందే, యుద్ధతంత్రం గురించి కాదు, మాకు తెలుసు. అయినా అందులో ఒక సంగతి గమనించండి. కూర్చుని ఆలోచించింది పదివేలవాడు. ఇరవై వేలవాడు కూర్చున్నట్లు లేదు. బలం పెరిగినకొద్దీ కూర్చోవలసిన అవసరం తగ్గిపోతుంది కాబోలు.

ఆ జనవరిలోనే చల్లపల్లి, పామర్రు మీదుగా బస్సెక్కి గుడివాడలో సభలకు వెళ్ళాము. దారిలో బంకుల దగ్గర డీజిలు కోసం ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అక్టోబరులోనే పెట్రోలియం ఉత్పత్తుల మీద గల్ఫ్ సర్‌ఛార్జి వేశారు. ఇటు నూర్పిడికి నూనె దొరకక రైతు తిప్పలు పడుతుంటే, అటు బొంబాయిలో, మద్రాసులో, ఆగ్రాలో అమెరికా సైనిక విమానాలకు మన దేశమే ఇంధనం పోసింది. దేశమంతా గొడవ అయ్యాక ఫిబ్రవరిలో ఆపేశారు. ఇక సభల్లో ఒక ప్రసంగీకుడు బబులోను పతనం గురించి ప్రవచనం నెరవేరుతున్నదని ఉత్సాహంగా చెప్పగా, జనం హల్లెలూయా అన్నారు. మేము అనలేకపోయాము. ఆ బబులోను సీమలో ఎన్నో శతాబ్దాలుగా ప్రభువును ఆరాధిస్తున్న సంఘాలున్నాయి. సద్దాం ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి తారిఖ్ అజీజ్ పుట్టింది కూడా కల్దీయ క్రైస్తవ కుటుంబంలోనే.

యుద్ధం మొదలైన రాత్రి బిల్లీ గ్రాహం గారు బుష్ గారితో వైట్‌హౌస్‌లో ఉన్నారు. ప్రార్థించడం దైవజనుని పని, దాన్ని తప్పు పట్టము. అయితే బుష్ గారు సభ్యులైన ఎపిస్కోపల్ సంఘానికి అధ్యక్ష బిషప్పు అయిన ఎడ్మండ్ బ్రౌనింగ్ గారు ఈ యుద్ధం వద్దని బహిరంగంగానే చెప్పారు. బందరులో నోబుల్ దొరగారి మిషను ఏ ఆంగ్లికన్ చెట్టుదో ఆ సంఘమూ దానికొమ్మే. అహాబు దగ్గర నాలుగు వందలమంది ప్రవక్తలు వెళ్ళు వెళ్ళు అంటుంటే మీకాయా ఒక్కడే అడ్డం చెప్పిన సంగతి మనం ఆదివారపు బడిలో పిల్లలకు చెబుతాము. పెద్దలకు ఎందుకు చెప్పమో తెలియదు.

బందరు పేరు వచ్చింది గనుక ఒక మాట. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు ఇంగ్లీషు సైన్యంతో రాత్రివేళ బందరు కోట మీద పడి ఫ్రెంచివారి నుండి దాన్ని పట్టుకున్నాడు. ఆ రెండు రాజ్యాల తగవు యూరపుది. లండనులో, పారిసులో దాన్ని గురించి ఎవరేం ప్రసంగించారో బందరు నేతగానికి తెలిసే అవకాశం లేదు. ఇతరులు దూరదేశపు యుద్ధం అని పిలిచేది మన గుమ్మంలోనే జరిగిన రోజులున్నాయి.

భూమి మీది యుద్ధం ఫిబ్రవరి 24న మొదలై నాలుగు రోజుల్లో ముగిసింది. కువైటుకు విముక్తి కలిగింది. చూశారా, వియత్నాం కాలేదుగా అని మా స్నేహితులు కొందరు అన్నారు. కాలేదు, నిజమే. కానీ ఫిబ్రవరి 13న బాగ్దాదులోని అమీరియా ఆశ్రయంలో తలదాచుకున్నవారు నాలుగు వందలమందికి పైగా, ఎక్కువగా స్త్రీలు, పిల్లలు, బాంబులకు కాలిపోయారు. తరువాత పన్నెండేళ్ళు ఆంక్షలు సాగాయి. 2003లో కుమారుడు బుష్ గారు అదే దేశం మీద మళ్ళీ యుద్ధానికి వెళ్ళారు. 2014లో మోసులు పట్టణం నుండి, అంటే పాత నీనెవె పక్కనుండి, క్రైస్తవ కుటుంబాలు కట్టుబట్టలతో వెళ్ళిపోయాయి. నాలుగు రోజులని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపి లెక్కించాలో మాకు తెలియడం లేదు.

మా సంఘపు సహోదరి 1992లో మళ్ళీ అప్పుచేసి కువైటు వెళ్ళింది. పాత అప్పు తీర్చి వచ్చాక ఆమె కూతురు వెళ్ళింది. 2007 జనవరి 10న కుమారుడు బుష్ గారు ఇరాకుకు అదనంగా ఇరవై వేలమందికి పైగా సైనికులను పంపుతున్నామని, దానితో పరిస్థితి చక్కబడుతుందని ప్రసంగించారు. ఆ వార్త కూడా మేమే చదివి వినిపించాము. ఆమె ఈసారి ఏమీ అడగలేదు. ఆ రాత్రే టెలిఫోను బూతుకు వెళ్ళి కూతురితో మాట్లాడి, జీతం యజమాని దగ్గర ఒక్క నెల కూడా ఉంచవద్దని, ఏ నెలకానెల పంపించెయ్యమని చెప్పి వచ్చింది.