గాలిని గెలిస్తేనే వేగం

ఫిలడెల్ఫియా నగరానికి నైరుతి కొసన, విమానాశ్రయానికి దగ్గర్లో సిమియోన్ ఫౌండేషన్ ఆటోమోటివ్ మ్యూజియం ఉంది. ఫ్రెడరిక్ సిమియోన్ అనే న్యూరోసర్జన్ యాభై ఏళ్ల పాటు ఏరి కూర్చిన రేసు కార్లు ఇక్కడున్నాయి. 2008లో ఈ ప్రదర్శనశాల తెరిచారు, 2022లో ఆయన కన్నుమూశారు. కార్లకు కొత్త రంగులు వేసి మెరిపించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. రేసులో తగిలిన గీతలూ సొట్టలూ చాలా వాటి మీద అలాగే ఉన్నాయి. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. రంగు కప్పేస్తే చరిత్ర కూడా కప్పేసినట్టే కదా.

నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది మా బాబాయి కొడుకు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ల మధ్య పెరిగి, ఇప్పుడు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటున్నాడు. మసాచుసెట్స్‌లోని వేర్‌హమ్‌లో 1995లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ రేసింగ్ అనే సంస్థ కోబ్రా నమూనా కార్లను విడిభాగాలుగా అమ్ముతుంది. ఛాసిస్, బాడీ వాళ్లిస్తారు, బిగించుకోవడం మన పని. మా వాడు తన గ్యారేజీలో అలాంటి రోడ్‌స్టర్‌నే కడుతున్నాడు. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఒకటే: "ఎంత లాగుతుంది?" నేనూ అదే అడిగాను. "లెక్క చూపిస్తాను అన్నయ్యా, ముందు ఒక కారు చూసి రావాలి" అని గంటన్నర డ్రైవ్ చేసి ఇక్కడికి తెచ్చాడు.

ఆ కారు నీలం రంగు షెల్బీ కోబ్రా డేటోనా కూపే. ఛాసిస్ నంబరు సీఎస్ఎక్స్ 2287. ఆ రకంవి మొత్తం ఆరు కట్టారు. అన్నిటికంటే ముందు పుట్టింది ఇదే, అమెరికాలో బాడీ కట్టింది కూడా దీనికొక్కదానికే. మిగతా అయిదింటికీ ఇటలీలోని మోడెనాలో కట్టారు. 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల పట్టికలోకి మొట్టమొదట ఎక్కిన కారు ఇదే.

దీని వెనక కథ మా వాడి గ్యారేజీకి నేరుగా సంబంధించింది. 1963లో అమెరికన్ రేసు కార్ల తయారీదారు కారల్ షెల్బీ కట్టిన కోబ్రా రోడ్‌స్టర్లు పొట్టి సర్క్యూట్ల మీద బాగానే గెలిచేవి. ఫ్రాన్స్‌లో లె మాన్ పొడుగాటి దారి మీదికొచ్చేసరికి గంటకు 160 మైళ్ల దరిదాపుల్లో ఆగిపోయేవి. ఫెరారీలు పక్కనుంచి దూసుకుపోయేవి. ఇంజన్ లోపం కాదది. పైకప్పు లేని బాడీ, నిటారు అద్దం, గుండ్రని తోక గాలిని చీల్చకుండా చిందరవందర చేసేవి. పీటర్ బ్రాక్ అనే కుర్ర డిజైనర్ అదే ఛాసిస్ మీద, అదే 4.7 లీటర్ల ఫోర్డ్ ఇంజన్‌తో, పైకప్పు సాగదీసి తోక నిలువునా కోసేసిన బాడీ గీశాడు. వునిబాల్డ్ కామ్ అనే జర్మన్ శాస్త్రవేత్త సిద్ధాంతం దానికి ఆధారం. ఆ ఆకారం పని చేస్తుందని షాపులో చాలామంది నమ్మలేదు. నమ్మినవాళ్లలో డ్రైవర్ కెన్ మైల్స్ ఒకడు. కాలిఫోర్నియాలోని వెనిస్‌లో, చెక్క అచ్చు మీద అల్యూమినియం రేకు కొట్టి బాడీ తయారు చేశారు. 1964లో లె మాన్‌లో ఈ కూపేలు గంటకు 190 మైళ్లు దాటాయి. వీటిలో ఒకటి డాన్ గర్నీ, బాబ్ బాండురాంట్ చేతుల్లో జీటీ తరగతి గెలిచింది. మరుసటి ఏడాది ప్రపంచ జీటీ ఛాంపియన్‌షిప్ షెల్బీ వాళ్లకే దక్కింది.

నేను చాలాసేపు ఆ కోసేసిన తోక దగ్గరే నిలబడ్డాను. గాలి నిరోధాన్ని గెలవడానికి కావాల్సిన శక్తి వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. 160 నుంచి 190కి వెళ్లడమంటే వేగం 19 శాతం పెరగడం. బాడీ మార్చకుండా ఇంజన్‌తోనే అది సాధించాలంటే దాదాపు 67 శాతం ఎక్కువ శక్తి కావాలి. మన దగ్గర అందరూ హార్స్‌పవర్ అంకె చెప్పి వేగం ఊహిస్తారు. ఆ ఊహ ఎందుకు తప్పుతుందో ఈ రేకు ముక్కను చూస్తే తెలుస్తుంది.

ఎడిసన్‌కి తిరిగొచ్చాక గ్యారేజీలో లెక్కకు కూర్చున్నాం. రంపపు పొట్టు, గ్రీజు వాసన, జాక్ స్టాండ్ల మీద ఇంకా రంగు పడని బాడీ. మొదట గేర్ల లెక్క తీశాడు. చక్రం వ్యాసం 26 అంగుళాలు, క్రౌను-పీనియన్ నిష్పత్తి 3.55, ఐదో గేరు 0.68. ఇంజన్ నిమిషానికి 5,500 చుట్లు తిరిగితే కాగితం మీద గంటకు 283 కిలోమీటర్లు వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగి, ఆ అంకెనే అందరికీ చెప్తారు.

తర్వాత గాలి లెక్క. ఇంజన్ దగ్గర 300 హార్స్‌పవర్, గేర్‌బాక్సూ క్రౌనూ తినేసింది 15 శాతం అనుకుంటే చక్రాలకు చేరేది 255, అంటే 190 కిలోవాట్లు. ముందు వైశాల్యం 1.7 చదరపు మీటర్లు, నిరోధ గుణకం 0.55 అని అంచనా వేశాడు. బరువు 1,050 కిలోలు. టైర్ల నిరోధం కూడా కలిపితే ఆ 190 కిలోవాట్లూ సరిపోయేది 246 కిలోమీటర్ల వరకే.

అక్కడితోనూ కాలేదు. 246 దగ్గర ఐదో గేరులో ఇంజన్ తిరిగేది సుమారు 4,770 చుట్లు. పూర్తి 300 వచ్చేది 5,500 దగ్గర. ఆ తేడా వల్ల శక్తి పది శాతం తగ్గితే వేగం 237కి దిగుతుంది. నాలుగో గేరులోకి దించుదామంటే అక్కడ 5,500 చుట్లకు 193 కిలోమీటర్లే. "కాబట్టి 235 దరిదాపు అన్నయ్యా" అన్నాడు. 283 అన్న అంకె కంటే ఈ 235 మీదే నాకు గౌరవం కలిగింది.

కానీ 0.55 అన్నది అంచనాయే. దాన్ని సరిచూసే పద్ధతి చాలా చవక. క్లబ్బు వాళ్లు అద్దెకు తీసుకున్న రన్‌వే మీద, గాలి లేని పొద్దుట, కారుని గంటకు 100 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లి న్యూట్రల్‌లో వదిలేయాలి. 100 నుంచి 90కి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. అలాగే 40 నుంచి 30కి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండు వైపులా కొలిచి సగటు తీయాలి, లేకపోతే వాలూ గాలీ మోసం చేస్తాయి. వాడి అంకెలు నిజమైతే మొదటిది అయిదున్నర సెకన్లకు కాస్త అటూఇటూ, రెండోది 14 సెకన్ల దాకా పట్టాలి. తక్కువ వేగంలో టైర్ల వాటా, ఎక్కువ వేగంలో గాలి వాటా బయటపడతాయి. గరిష్ఠ వేగానికి ఎప్పుడూ వెళ్లకుండానే గరిష్ఠ వేగం తెలుస్తుంది.

వెళ్లకపోవడమే మంచిది కూడా. 1964లో బెల్జియంలోని స్పా సర్క్యూట్ మీద ఫిల్ హిల్ ఆ కూపేల్లో ఒకదాన్ని నడిపినప్పుడు వెనక భాగం తేలిపోయింది. వెంటనే తోక మీద స్పాయిలర్ బిగించాల్సి వచ్చింది. ప్రపంచ స్థాయి డ్రైవర్‌కే ఆ పరిస్థితి. ఇంట్లో కట్టిన కారుకి విండ్ టన్నెల్ ఎక్కడిది? కారు అందుకోగల వేగం వేరు, రోడ్డును వదలకుండా ఉండగల వేగం వేరు. ఈ లెక్కలో రెండోది రాదు.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ ఇప్పుడు పిల్లలు పోటీల కోసం సొంతంగా కార్లు కడుతున్నారు. వాళ్లకు నా మనవి: గేర్ల లెక్కతో ఆగకండి, న్యూట్రల్‌లో వదిలి స్టాప్‌వాచ్‌తో కొలవండి, అది కూడా మూసేసిన ట్రాక్ మీదే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120. మీ కారు ఎంత లాగుతుందో చూసుకోవడానికి ఆ రోడ్డెక్కవద్దు.