కౌలుకిచ్చిన గోడలు

ఈ సావనీరు మీ చేతికి వచ్చిందంటే దాని వెనుక మన కథలూ కవితలూ మాత్రమే లేవు. చివరి పేజీలు తిప్పి చూడండి. బట్టల కొట్టు, మిఠాయి అంగడి, కోచింగు సెంటరు, అన్నీ శుభాకాంక్షలతో వరసగా నిలబడి ఉంటాయి. ఫుల్ పేజీకి ఒక రేటు, హాఫ్ పేజీకి ఒక రేటు, వెనక అట్టకు మరో రేటు. యూనియన్ తరఫున ఎండనపడి తిరిగి వీటిని పోగుచేసిన జట్టులో నేనూ ఉన్నాను. "మీ పుస్తకం చూసి మా కొట్టుకి ఎంతమంది వస్తారబ్బాయ్?" అని ఒక్కరూ అడగలేదు. అడిగితే మా దగ్గర జవాబు లేదు లెండి.

ఆ ప్రశ్న వేసి, జవాబును కూడా అంకెలతో సహా లెక్కకట్టి చూపింది ఇంటర్నెట్టు. అయితే ఆ లెక్క చిన్నవాడికి కలిసొచ్చిందా అన్నదే నా సందేహం.

నాకీ గొడవెందుకంటారా? మేం ముగ్గురం బి.జెడ్.సి. విద్యార్థులం కలిసి తెలుగులో ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాం. మిర్చి తెగుళ్ళు, నివారణ, గుంటూరు యార్డు ధరలు, అంతే. ఏడాదికయ్యే ఖర్చు ముగ్గురం పంచుకుంటాం. దానిమీద ప్రకటనలు వేస్తే ఖర్చు గట్టెక్కుతుంది గదా అన్న ఆలోచన రాగానే, మనకంటే ముందువాళ్ళు ఏం చేశారో చూద్దామని పాత సంగతులు తవ్వడం మొదలుపెట్టాను.

1994 అక్టోబరు 27న అమెరికాలో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రిక తన పేజీల మీద పట్టీల్లాంటి ప్రకటనలు పెట్టింది. వాటిలో పేరు నిలిచింది ఏటీ అండ్ టీ టెలిఫోను కంపెనీది. కొత్త మోజు కదా, చూసినవాళ్ళలో నూటికి 44 మంది దాన్ని నొక్కారని చెబుతారు. ఆ తర్వాత అలాంటి రోజు మళ్ళీ రాలేదు. అప్పటి బేరం సులువు. వెయ్యిసార్లు కనిపిస్తే ఇంత అని ఇచ్చేవారు. మా భాషలో చెప్పాలంటే ఇది కౌలు. పంట పండినా ఎండినా పొలం ఆసామికి డబ్బు ముడుతుంది. కాకపోతే ఈ కౌలు పెద్ద సైట్లకే దక్కింది. రోజుకు నలభైమంది చూసే పేజీ యజమానితో ఏ కంపెనీ బేరమాడుతుంది?

1996లో రెండు సంగతులు జరిగాయి. సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గాంబుల్, చూసినందుకు కాదు, నొక్కితేనే డబ్బిస్తామని యాహూతో ఒప్పందం చేసుకున్నది. అదే ఏడు జూలైలో పుస్తకాలమ్మే అమెజాన్, చిన్న సైట్లవాళ్ళ ద్వారా పుస్తకం అమ్ముడుపోతే కమిషనిస్తామన్నది. చిన్నవాడికి తలుపు తెరిచిన మాట నిజమే. కాని ఇది కౌలు కాదు, పాలు. మనిషి పేజీకి వచ్చాడు, ప్రకటన చూశాడు, మర్నాడు వీధిలోని కొట్టుకు వెళ్ళి అదే పుస్తకం కొనుక్కున్నాడు, అనుకోండి. పేజీవాడికి దమ్మిడీ రాదు. పంట నష్టమంతా పొలమిచ్చినవాడి నెత్తిన వేసిన పాలు మా పల్నాడులో నేనెక్కడా చూడలేదు సుమా!

డబ్బు ఆశించనివాళ్ళ దారి వేరు. 1995లో సేజ్ వైల్ అనే కుర్రవాడు వెబ్‌రింగ్ పెట్టాడు. ఒకే విషయం మీద ఉన్న సైట్లు దండలో పూలలాగా ఒకదాన్నుంచి ఒకదానికి దారి చూపిస్తాయి. ఇవాళ మా చేలో నాట్లు, రేపు మీ చేలో నాట్లు అన్నట్టు బదులు పని. మరుసటేడు టోనీ షే, సంజయ్ మదన్ అనే ఇద్దరు యువకులు లింక్ ఎక్స్ఛేంజ్ పెట్టారు. మీ పేజీ మీద ఇతరుల ప్రకటన రెండుసార్లు చూపిస్తే, మీ ప్రకటన ఒకసారి వేరేచోట కనిపిస్తుంది. రెండు రోజులు చేసిన పనికి ఒక రోజే బదులు! మిగిలిన ఆ సగాన్ని వాళ్ళు డబ్బిచ్చే కంపెనీలకు అమ్ముకున్నారు. లక్షల సైట్లు చేరాయి. 1998లో మైక్రోసాఫ్టు 26 కోట్ల 50 లక్షల డాలర్ల విలువకు ఆ సంస్థను కొన్నది. గోడలిచ్చినవాళ్ళకు ఇందులో వాటా లేదు.

గోడ అంటే గుర్తొచ్చింది. మా ఇంటి గోడ రోడ్డు వైపుకి ఉంటుంది. ఒక విత్తనాల కంపెనీ మనుషులొచ్చి దానిమీద కాయల బొమ్మ వేసి పోయారు. ఆరేళ్ళు ఉన్నది. మాకు ముట్టింది ఆ రంగే. ఆ కంపెనీ విత్తనమే మా నాన్న ఒక ఏడు వేశాడు. మొక్క ఏపుగా పెరిగింది గాని కాపు లేదు. పరిహారమూ లేదు. గోడమీద కాయలు మాత్రం ఎర్రగా నిగనిగలాడుతూ ఉండేవి. ఆ వేసవిలో అమ్మే సున్నం కొట్టింది.

జియోసిటీస్, ట్రైపాడ్ వంటివి ఉచితంగా చోటిచ్చి, ప్రకటనలు తామే పెట్టుకున్నాయి. తమ ప్రకటన ఒక అసభ్యమైన పేజీ మీద కనబడిందని ఓ కార్ల కంపెనీ గోల చేస్తే, ప్రకటనను పేజీ మీద కాకుండా విడిగా వేరే కిటికీలో ఎగిరిపడేలా చేసిన ట్రైపాడ్ ఉద్యోగి ఈథన్ జుకర్‌మన్. 2014లో ఆయన లోకానికి క్షమాపణ చెప్పుకున్నాడు. పాపం, ఉద్దేశం మంచిదే!

2000లో షేర్ల బుడగ పగిలాక ప్రకటనల రేట్లు కూలిపోయాయి. 2003 జూన్‌లో గూగుల్ ఆడ్‌సెన్స్ వచ్చింది. పేజీలో ఏముందో యంత్రమే చదివి, దానికి తగిన ప్రకటన తెచ్చి అతికిస్తుంది. బేరం లేదు, బతిమాలడం లేదు. నిజంగా చిన్నవాడికి అందిన మొదటి మంచి దారి ఇదేనని ఒప్పుకోవాలి. అయితే నొక్కిన లెక్క వాళ్ళదే, చెల్లని నొక్కులని కొట్టేసేదీ వాళ్ళే, వంద డాలర్లు పోగయ్యేదాకా పైసా ఇవ్వనిదీ వాళ్ళే. మా నాన్నకు ఇదంతా వివరంగా చెప్పాను. "కాటా వాళ్ళది, తరుగూ వాళ్ళదేనట్రా?" అని బీడీ ముట్టించుకున్నాడు.

తెలుగు పేజీలకు ఆ ఏర్పాటు 2018లో గాని రాలేదు. ఇప్పుడు మేమూ చేరవచ్చు. చిక్కు ఎక్కడంటే, 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు విరుచుకుపడ్డప్పటి అనుభవం మీద మా సైటులో ఒక పేజీ ఉంది. ఇష్టమొచ్చినట్టు మందులు కలిపి కొట్టకండి, నీలిరంగు జిగురట్టలు పెట్టండి అని అందులో రాశాం. మావాళ్ళు ఎక్కువగా చూసేది దాన్నే. యంత్రం ఆ పేజీ చదివి, పురుగు పేరు పట్టుకుని, పక్కనే మందు డబ్బా ప్రకటన పెడుతుంది. కొన్ని రకాలు వద్దని చెప్పే వీలున్నది గాని, ఎన్నింటినని ఏరుతూ కూర్చుంటాం? రైతు మా మాట వింటాడా, డబ్బా మాట వింటాడా?

మా మండలంలో ఎరువుల కొట్టాయన ఒకరు నెలకింత అని రొక్కం ఇస్తానంటున్నారు, అంటే అసలైన కౌలు. మా ముగ్గురిలో ఒకడు సరేనంటున్నాడు. రెండోవాడు, ఆయన అమ్మే మందుల పేర్లు చూశాకే చెబుతానన్నాడు. జాబితా అడిగాం. ఆయన ఇంకా పంపలేదు.