పేరులో రెండు ఏళ్లు

రాండి, రాండి. పెద్ద పనేం లేదు, ఊరికే పిలిచా. గోడకి ఆనుకోండి, సున్నం ఆరిపోయిందిలే.

నిన్న మా మేనకోడలు పుస్తకంలో 'పెన్నేరు నది' అని గట్టిగా చదివింది. నాకు నవ్వాగలేదు. పెన్నేరులో ఏరు ఉండనే ఉంది కదా, మళ్లీ నదేంది? కండలేరు నదీ అంతే. పోనీలెండి, ఎండాకాలంలో ఇసక తప్ప ఏమీ కనపడదు. పేరులోనన్నా రెండు ఏళ్లు పారనీ.

ఇంగ్లీషోళ్ల గతీ ఇదే, తెలుసా? షేక్‌స్పియర్ ఊరి పక్కన ఏవన్ నది పారుతుంది. ఇంగ్లీషు జనం ఆ దీవిలో దిగకముందు అక్కడుండిన కెల్టుల భాషలో ఆ మాటకి అర్థమే నది. వెల్షులో ఇప్పటికీ ఏరుని 'ఆవొన్' అనే అంటారు. వచ్చినోళ్లు "ఇదేంది?" అని అడిగుంటారు, ఉన్నోళ్లు "ఏరు" అని చెప్పుంటారు. అయిపోయింది నామకరణం!

ఇట్టాంటి ఊళ్ల పేర్లూ ఏళ్ల పేర్లూ తీసేస్తే ఇంగ్లీషులో పాత కెల్టు మాటలు గుప్పెడు కూడా మిగలవు. అయితే జాన్ మెక్‌వోర్టర్ అనే అమెరికా భాషావేత్త ఏమంటాడంటే, మాటలు కాదు, వాక్యం కట్టే తీరు చూడమంటాడు. 'డూ యూ నో?' అంటాం. ఆ 'డూ'కి అక్కడేం పని చెప్పండి? పెళ్లింటి అరుగు మీద పెద్దమనిషిలా ఊరికే కూర్చోనుంటుంది. ఇంగ్లీషుకి దాయాది జర్మన్, దానికి ఈ అలవాటు లేదు. వెల్షుకీ కార్నిష్‌కీ ఉంది. 'అయామ్ కమింగ్' అనే సాగదీత కూడా అక్కణ్ణించే వచ్చిందంటాడు. పండితులందరూ ఒప్పుకోలేదు. నేను ఒప్పేసుకున్నా. నన్నెవరడిగారు అంటారా? అదీ నిజమే.

మా నెల్లూరోళ్లకీ సంగతి కొత్త కాదు మరి. మేం 'వస్తా ఉండా' అంటాం. విజయవాడ చుట్టాలు "రావటమా, ఉండటమా, ఏదో ఒకటి తేల్చు" అని ఎగతాళి. గూడూరు దాటి సూళ్లూరుపేట, తడ దాకా పోయి చూడండి, సగం కబుర్లు అరవంలోనే. వాళ్ల 'ఇరుక్కేన్' అంటే మన 'ఉండా'నే కదా! ఆ గాలి సోకిందేమోనని నా అనుమానం. కడప వాళ్లూ ఇట్టానే అంటారు, వాళ్ల ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి.

తిక్కన ఇక్కడ కూర్చోని భారతం పదిహేను పర్వాలు తెలుగు చేశాడని మీసం మెలేస్తామా? ఆ కాలపు మన చోడరాజుల ఏలుబడి కంచి దాకా. ఈ సీమ శాసనాల్లో ఎన్నో తమిళంలోనే ఉన్నాయి. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి వేసిన నెల్లూరు శాసనాల మూడు సంపుటాలూ తిరగేయండి. బరువు జాగ్రత్త. మన కృష్ణపట్నం పాత పేరు కొల్లిత్తురై. తురై అంటే రేవు. సముద్రం ఒడ్డున పట్నమన్నా రేవూరే. ఇప్పుడేమంటున్నాం? కృష్ణపట్నం పోర్టు! పుస్తకం రాసినాయన్ని చూసి నవ్వానే, నాకు బుద్ధి లేదు.

అసలు తమాషా వినండి. 1620ల్లో ఇంగ్లీషు కంపెనీ మన దుగరాజపట్నంలో కొట్టు పెట్టింది. వాళ్ల నోట్లో ఆ ఊరు 'ఆర్మగాన్' అయింది. అక్కడి దొర ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసులో చోటు సంపాదించాడు. అంటే చెన్నపట్నం కంటే ముందే మన ఇసకలో నిలబడి ఎవడో దొర చేపలామెని 'డూ యూ' అని అడిగే ఉంటాడు. మెక్‌వోర్టర్ మాటే నిజమైతే, ఎక్కడి వెల్షు కొండలు, ఎక్కడి దుగరాజపట్నం! ఆమె ఏ భాషలో తిట్టిందో శాసనం లేదు.

అదిగో, మా ఆవిడ కేకేస్తోంది. "వస్తా ఉండా!"

మీరు కదలబాకండి. వస్తా ఉండా అంటే వచ్చేసినట్టు కాదుగా, ఇంకాసేపు ఉండచ్చు.